అర మాత్ర

ఆ ఉదయం కూడా నాంతేజ వాళ్లమ్మ కంటే ముందే లేచింది. లేస్తూనే వాకిట్లోకి నడిచి గేటు తాళం ఒకసారి లాగి చూసుకుంది. తాళం పడే ఉంది. అప్పుడు గాని ఆమెకి ఊపిరి ఆడలేదు. వంటపాకలో పొయ్యి రాజేసి, మటోకే అరటికాయలు చెక్కు తీసి, వేరుశనగ ముద్దతో కలిపి ఉడకబెట్టింది. వరండాలో కుట్టుమిషన్ మీద సగం కుట్టిన గోమెసి, ఆడవాళ్లు నడుముకి చెంగు కట్టుకునే పొడుగు గౌను, వేలాడుతోంది. అలాంటివి ఇంకా ఐదున్నాయి. శనివారం మధ్యాహ్నానికి ఆరూ ఇచ్చేయాలి. కుట్టమని ఇచ్చిన ఇంటివాళ్లు ఆదివారం తమ అమ్మాయి క్వాంజులాకి, అంటే నిశ్చితార్థానికి, వాటినే కట్టుకుని వియ్యంకులకి ఎదురెళ్లాలి.

లోపల మంచం కిర్రుమంది. తల్లి నలుగ్వా లేచి కూర్చుని గుమ్మంలో ఉన్న కూతురి వైపు అనుమానంగా చూసింది.

"ఎవరమ్మాయివే నువ్వు? నా దుప్పటి ఏం చేశావు?"

"నీ మీదే ఉందిగా అమ్మా. నేను నాంతేజని."

"నాంతేజ బడికెళ్లింది. నువ్వు పనిపిల్లవి. తలుపు తియ్యి, మా నాన్న ఆవులు రోడ్డెక్కాయి, తోలుకు రావాలి."

ఆ ఆవులూ లేవు, ఆ నాన్నా లేడు. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. నలుగ్వా ఈతాకు చాపలు అల్లితే కలిసిజో ఊరి చుట్టుపక్కల పది ఊళ్ల వాళ్లు ఇంటికొచ్చి కొనుక్కుపోయేవారు. రంగు ఆకుల లెక్క ఆమె నోట్లోనే ఉండేది. ఐదేళ్ల కిందట ఆ లెక్క తప్పడం మొదలైంది. తర్వాత పేర్లు తప్పాయి, తర్వాత మనుషులే తప్పిపోయారు. రెండేళ్ల కిందట ఒక మిట్టమధ్యాహ్నం ఆమె ఆవుల కోసమని బయల్దేరి మసాకా పెద్దరోడ్డు మధ్యలో నిలబడింది. లారీలు రెండు పక్కలా ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. నాంతేజ గేటుకి తాళం కొన్నది ఆ రోజే.

పెద్దాసుపత్రిలో డాక్టర్ అపియో రెండు రకాల మాత్రలు రాసిచ్చింది. పచ్చది జ్ఞాపకానికి, రోజూ వేయాలి. తెల్లది మాత్రం మరీ కలవరపడి గోల చేసిన రాత్రి, అదీ అర మాత్రే. కాగితం మీద 'అర' అన్న మాట కింద డాక్టర్ రెండు గీతలు గీసింది. నాంతేజ మొదట్లో బ్లేడుతో కోసి అర మాత్రే వేసేది. వానాకాలంలో ఒకసారి పూర్తి మాత్ర వేసింది. ఆ రాత్రి తనకి రెండేళ్లలో ఎరగని నిద్ర పట్టింది. తర్వాత ఒక పగలు వేసింది. మిషన్ దగ్గర నాలుగు గంటలు కదలకుండా కూర్చుని కుట్టుకుంది. ఇప్పుడిక ప్రతి ఉదయం జావలో ఒకటి కలుపుతోంది. అడిగేవాళ్లు లేరు. అన్న లుబోవా కంపాలాలో టైర్ల దుకాణం నడుపుతాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "అమ్మకి మందులు వేళకి వేస్తున్నావా?" అని అడుగుతాడు. "వేస్తున్నాను" అంటుంది. అది అబద్ధమూ కాదు.

ఆ ఉదయం జావలో మాత్ర కలిపి, తల్లి చేత తాగించి, గిన్నె కడుగుతుండగా గేటు దగ్గర బోడా, అద్దె మోటార్‌సైకిల్, ఆగింది. వెనక సీటు మీంచి ఒక ముసలావిడ, చంకలో మూటతో, బండివాణ్ణి తిడుతూ దిగింది.

"నన్ను అరటిగెల అనుకున్నావురా నాయనా? ఒక్క గుంట వదల్లేదు! గేటుకి తాళమేంటే నాంతేజా, లోపల ఏనుగుల్ని పెంచుతున్నారా?"

ఆవిడ ఫెలెసితా. నలుగ్వాకి స్వయానా అక్క. ఎనభై నిండినా గొంతు మాత్రం చర్చి గంటే. నాంతేజ పరుగెత్తి తాళం తీసి, పెద్దవాళ్ల ముందు మర్యాదగా మోకాళ్ల మీద కూర్చుని పలకరించింది.

"రాత్రి ఎలా గడిచింది పెద్దమ్మా?"

"నా రాత్రి బాగానే గడిచింది గాని, నా చెల్లెలేది?"

నలుగ్వా మంచం మీద వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది, చెంప మీద చొంగ. ఫెలెసితా మంచం అంచున కూర్చుంది. గోమెసి చెంగుతో ఆ చెంప తుడిచింది.

"ఏమైంది దీనికి? పోయినసారి వచ్చినప్పుడు నన్ను దొంగముండా అని తిట్టింది. తిట్టినా మనిషిలా ఉంది. ఇప్పుడిది కొట్టి పడేసిన అరటిబోదెలా ఉంది."

"జబ్బు ముదిరింది పెద్దమ్మా. మందులకి అలా ఉంటుంది. డాక్టరే రాసిచ్చింది, నేను కనిపెట్టినవి కావు."

"డాక్టర్ కాయితం చదవడం నాకు రాదమ్మా. నా చెల్లెల్ని చదవడం వచ్చు." ఫెలెసితా మూట విప్పింది. అరటాకులో చుట్టిన మట్టికడ్డీలు, బూడిదరంగువి, బయటపడ్డాయి. "ముంబ్వా తెచ్చాను. మా ఊరి చిత్తడినేల మట్టి, ములులుజా ఆకు, ఇంకో నాలుగు వేళ్లు. నా చేత్తో దంచి కలిపాను. రాయి మీద అరగదీసి రెండు పూటలా తాగిస్తాను. ఏడు రోజులు. తర్వాత మాట్లాడు."

"పెద్దమ్మా, మట్టి తాగితే పోయిన మతి తిరిగొస్తుందా?"

"నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మ తిన్నది ఆ మట్టే. నువ్వేమైనా మతి లేకుండా పుట్టావా?"

ఏడు రోజులు ఇంట్లో మరో మనిషి ఉంటుందంటే వద్దనే ఓపిక నాంతేజకి లేదు. కాని అదే రోజు సాయంత్రానికి ఇంకొకటి అర్థమైంది. పెద్దమ్మ కళ్ల ముందు పగటి మాత్ర జావలో కలపడం కుదరదు. 'ఇదేంటి, ఎందుకు' అని అడిగితే చెప్పడానికి తన దగ్గర మాట లేదు. అందుకని మానేసింది. రాత్రికి అర మాత్ర, కాగితంలో ఉన్నట్టే.

ఫెలెసితా పొద్దునా సాయంత్రం రాయి ముందు కూర్చుని, గంధం తీసినట్టు ముంబ్వా అరగదీసేది. ఒకే గిన్నెలో నీళ్లు కలిపి, తను ఒక గుక్క తాగి చూపించి, చెల్లెలి నోటికి అందించేది. మిగతా వేళంతా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. చిన్ననాటి కొట్లాటలు, పోయినవాళ్ల పెళ్లిళ్లు, ఎవరి మేక ఎవరి పెరట్లో పడింది, అన్నీ.

నాలుగో రోజు ఉదయం నలుగ్వా తనంతట తాను లేచి వంటపాకలోకి వచ్చింది. అక్క చేతిలో కత్తి లాక్కుంది.

"చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు. చెక్కుతో పాటు కాయంతా పారేస్తావు. ఇటివ్వు." కాయ ఒలుస్తూ ఒలుస్తూ తలెత్తి గుమ్మం వైపు చూసింది. "నాంతేజా, ఇలా చిక్కిపోయావేంటే? తినడంలేదా?"

నాంతేజ చేతిలో గిన్నె అక్కడే దించి ఇంటి వెనక్కి వెళ్లిపోయింది. అరటితోటలో నిలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి తనని గుర్తుపట్టి పేరుతో పిలిచి పద్నాలుగు నెలలైంది.

"చూశావా? ముంబ్వా అంటే ఏమనుకున్నావు!" ఫెలెసితా వంటపాకలోంచి కేకేసింది.

'ముంబ్వా కాదు పెద్దమ్మా' అని నాంతేజకి గొంతు దాకా వచ్చింది. తల్లిని ఇన్నాళ్లు నిద్రపుచ్చింది జబ్బు కాదు. తన చెయ్యి. చెయ్యి ఆగింది, అమ్మ లేచింది. ఆ సంగతి లోకంలో తనొక్కదానికే తెలుసు. చెప్పలేదు. కళ్లు తుడుచుకుని మిషన్ దగ్గర కూర్చుంది.

అయితే అమ్మ లేచిందంటే అమ్మ కాళ్లూ లేచాయి. ఐదో రోజు తెల్లారిన దగ్గర్నుంచి నలుగ్వా గేటు పట్టుకుని ఊపుతూనే ఉంది. "ఆవులు! నన్ను వదలండి, దొంగముండల్లారా!" అన్న అరుపులకి రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఆరో రోజు స్నానం చేయించబోతే నాంతేజ చేతిని కొరికింది. ఫెలెసితా కూడా అలిసిపోయింది. కూర్చున్నచోటే కునుకు తీస్తోంది. ఆ రాత్రి అర మాత్ర ఏ మూలకీ చాలలేదు. శనివారం తెల్లారేసరికి నాంతేజ రెండు రాత్రులు కన్ను మూయని మనిషి.

నాలుగు గోమెసిలు పూర్తయ్యాయి. ఐదోది, పెళ్లికూతురి తల్లిది, ఊదారంగు పట్టుది, మిషన్ మీద ఉంది. నాంతేజ నీళ్లు పట్టుకుని తిరిగొచ్చేసరికి తల్లి కింద కూర్చుని కత్తెరతో ఆ పట్టుని పొడుగ్గా చీలికలు చేస్తోంది. పక్కనే చాపకి ఆకులు పేర్చినట్టు శ్రద్ధగా పేర్చుకుంటోంది.

"ఇంకా రెండు కట్టలు కావాలి. చాప చిన్నదైపోతుంది" అంది, నవ్వుతూ.

నాంతేజ కత్తెర లాక్కుంది. అరవలేదు. అరిస్తే బాగుండేదేమో. ఫెలెసితా ఆ చీలికల వైపూ, నాంతేజ మొహం వైపూ మార్చి మార్చి చూసి, "పోనీలేవే, గుడ్డేగా" అని ఏదో అనబోయింది. నాంతేజ వినిపించుకోకుండా లోపలికి వెళ్లి టీ కాచింది. తెల్ల మాత్ర ఒకటి నలిపి అందులో కలిపి తల్లికి ఇచ్చింది. తాగేసి తల్లి మళ్లీ గేటు పట్టుకుంది. అరగంట గడిచినా అమ్మ గేటు దగ్గర్నుంచి కదల్లేదు. రెండో కప్పులో రెండో మాత్ర కలిపి తాగించింది. ఈ సంగతి తెలియని ఫెలెసితా పదకొండింటికి ఎప్పటిలాగే ముంబ్వా నీళ్లు తాగించింది.

పన్నెండింటికి నలుగ్వా అరటిచెట్ల దగ్గర తూలి పడిపోయింది. నుదురు చిట్లింది. పిలిస్తే పలకలేదు.

పక్కింటివాళ్ల కారులో పెద్దాసుపత్రికి చేర్చారు. డాక్టర్ అపియో అక్కడే ఉంది. కళ్లు చూసింది, నాడి పట్టుకుంది.

"ఏమేం వేశారు?"

"పచ్చ మాత్ర. రాత్రి అర తెల్ల మాత్ర. అంతే" అంది నాంతేజ. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"ముంబ్వా నీళ్లు కూడా. నేనిచ్చాను" అంది ఫెలెసితా, అడగకముందే.

డాక్టర్ మొహం బిగుసుకుంది. తలుపు వెనక్కి వెళ్లిపోయింది. నడవలో బల్ల మీద పెద్దమ్మా, నాంతేజా కూర్చున్నారు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే నాంతేజ మూడు గంటలు గడిపింది. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోతూ వచ్చింది.

నాలుగింటికి లుబోవా వచ్చాడు. అమ్మ పడిపోయింది, పెద్దమ్మ ముంబ్వా తాగించింది అని చెల్లెలు ఫోన్లో చెప్పిన రెండు ముక్కలే నాలుగు గంటల దారంతా నములుతూ వచ్చాడు. వచ్చీరాగానే పెద్దమ్మ మీద పడ్డాడు.

"మా అమ్మకి మట్టి తాగించావా? ఏ కాలంలో ఉన్నావు నువ్వు?"

"నాయనా, నా చెల్లెలికి నేను..."

"నీ చెల్లెలు లోపల చావుబతుకుల్లో ఉంది! చదువు లేకపోతే నోరు మూసుకుని ఊళ్లో ఉండాలి. మంచి డాక్టర్ మంచి మందిస్తుంటే మధ్యలో నీ నాటువైద్యమేంటి? లే. వెళ్లిపో. ఈరోజు నుంచి మా గడప తొక్కకు."

తలుపు తెరుచుకుని డాక్టర్ బయటికొచ్చింది. "ఊపిరి ఇంకా పలచబడుతోంది. ఆ మట్టిమందులో ఏముందో ఏమిటో! ఏం తాగిందో తెలియకుండా నేను చీకట్లో తడుముకోవాల్సి వస్తోంది."

ఫెలెసితా బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. మూటలోంచి మిగిలిన ముంబ్వా కడ్డీ తీసి డాక్టర్ చేతిలో పెట్టింది.

"ఇదే అమ్మా. పొద్దున దాని గిన్నెలోనే నేనూ తాగాను. ఇందులో విషముంటే నేను కూడా పడిపోవాలిగా. ముసలిదాన్ని, నన్ను కోసి చూడండి. దాన్ని మాత్రం బతికించండి."

మూట చంకన పెట్టుకుని నడవ చివరికి నడిచింది. ఆ నడుం వంగిన వీపు చూసేసరికి నాంతేజ లోపల కట్ట తెగింది.

"పెద్దమ్మా, ఆగు! డాక్టర్, రెండు తెల్ల మాత్రలు. పూర్తివి. పదింటికొకటి, పదిన్నరకొకటి. టీలో కలిపి నేనే ఇచ్చాను. ఇంతకు ముందు కూడా... మూడు నెలల్నుంచి రోజూ పొద్దున ఇచ్చాను."

ముందుగా తేరుకున్నది డాక్టరే.

"ఇది నాకు పన్నెండున్నరకి చెప్పాల్సిన మాట. ఇప్పటికైనా చెప్పావు" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది. నర్సుని పిలవడం, చక్రాల మంచం లాగడం వినిపించింది.

"నువ్వా?" అన్నాడు లుబోవా. "అమ్మకి నువ్వా?"

"నేనే."

"ఎలా చేశావే? కన్నతల్లికి!"

"ఎలా చేశానా? ఒక్కదాన్నే చేశాను! గేటుకి తాళం ఎవరికోసం వేశాననుకున్నావు, అమ్మకొక్కదానికేనా? ఆ గేటు లోపల ఇంకెవరున్నారో ఎప్పుడైనా లెక్కేశావా? రెండేళ్లుగా చర్చికెళ్లలేదు. సంతకెళ్లలేదు. ప్రతి ఆదివారం 'మందులేశావా, మందులేశావా' అంటావు. వేశానన్నయ్యా! నిద్రపోయావా అని ఒక్కసారి అడిగావా నన్ను?"

లుబోవా గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

ఫెలెసితా వెనక్కి వచ్చింది. ఆమె కళ్లలో నాంతేజ జాలి కోసం వెతికింది. కోపమే కనిపించింది.

"వాడు నన్ను కుక్కని తోలినట్టు తోలుతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డావు. మూడు గంటలు నా పక్కనే కూర్చున్నావు. నేనే చంపుకున్నానేమో నా చెల్లెల్ని అని ఆ మూడు గంటలూ నేను చచ్చానే పిల్లా."

"తప్పే పెద్దమ్మా." నాంతేజ ఆ నడవలోనే మోకాళ్ల మీద పడిపోయింది.

ముసలావిడ నిట్టూర్చి, పక్కనే బల్ల మీద కూలబడింది.

"ఆ పట్టుముక్కలు చూసినప్పుడు నీ మొహం నేను చూశాను. ఈ పిల్ల ఏదో చేస్తుందని తెలిసి కూడా మళ్లీ కునుకు తీశాను. నాలుగోరోజు మీ అమ్మ లేచి కత్తి పట్టుకుంటే నా మట్టి గొప్పే అని విర్రవీగాను. నీ మొహం కేసి చూడలేదు. లే, నేల చల్లగా ఉంది."

చీకటిపడే వేళకి నలుగ్వా కళ్లు తెరిచింది. తెరుస్తూనే, "ఈ దుప్పటి నాది కాదు" అంది. నర్సు నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ ముగ్గురూ ఏడ్చారు.

మర్నాడు ఉదయం డాక్టర్ అపియో ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. ఆమె ఎవరినీ తిట్టలేదు.

"ఈ జబ్బు పోదు. మాత్రతో పోదు, మట్టితో పోదు. పచ్చ మాత్ర కొన్నాళ్లు దాన్ని కొంచెం నెమ్మది చేస్తుందేమో, అంతే. తెల్లది భయం తగ్గించడానికిచ్చాను గాని ఇంట్లో నిశ్శబ్దం కోసం కాదు. ముసలివాళ్లని అది తూలేలా చేస్తుంది. ప్రస్తుతానికి ఆపేస్తున్నాను. ముంబ్వా సంగతంటే, అందులో ఏముందో నాకు తెలీదు. తెలీనిదాన్ని మంచిదనీ అనలేను. తాగించకండి. కావాలంటే కాళ్లకి రాయండి."

"కాళ్లకా?" ఫెలెసితా తల ఊపింది. "సరే. దానికి మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి."

"ఆ నాలుగోరోజు ఆమె లేచి కాయలు ఒలిచిందన్నారు కదా. అందులో సగం, పగటి మాత్ర ఆపినందుకు. మిగతా సగం, మీరు పక్కన కూర్చుని మాట్లాడినందుకు. ఆమెకి కావలసింది మనుషులు. ఒక మనిషి కాదు, మనుషులు."

లుబోవా పెద్దమ్మ ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాచాడు. "క్షమించు పెద్దమ్మా. నోటికొచ్చింది వాగాను."

"గడప తొక్కొద్దన్నావు. ఆ గడప మీ నాన్న కట్టించాడు గాని, దాని మీద కప్పు నా కాఫీతోట డబ్బుతో పడింది, తెలుసా? ఇంకోసారి అన్నావంటే కప్పు ఊడదీసుకుపోతాను." అంటూనే అతని చేతుల్లో తన చేతులు పెట్టింది.

గోమెసివాళ్లు రెండు రోజులు మొహం మాడ్చుకున్నారు. పెళ్లికూతురి తల్లి ఎవరిదో అరువు తెచ్చి కట్టుకుంది. లుబోవా దుకాణం మనిషికి అప్పగించి వారమంతా ఉండిపోయాడు. ఇకమీద నెలలో రెండు వారాలు తనవేనన్నాడు. పెద్దమ్మ మకాం కూడా ఇక్కడికే మారింది. లుబోవా ఒంటరిగా కాపలా ఉన్న మొదటి పూటే నలుగ్వా అతన్ని ఆవుల దొంగ అని గరిటె పట్టుకుని వాకిలంతా తరిమింది. సంతలో ఉన్న నాంతేజకి ఫోన్ చేసి, "ఎప్పుడొస్తున్నావు?" అన్నాడు రొప్పుతూ. "అమ్మ ఆవులడిగితే గేటు తీసి, చెయ్యి పట్టుకుని వెతకడానికి తీసుకెళ్లు అన్నయ్యా. రెండు మలుపులు తిరిగితే అలిసిపోయి ఇంటికొస్తుంది" అంది నాంతేజ. సంతలో నిలబడి, రెండేళ్ల తర్వాత ఆమె గట్టిగా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నాంతేజ పక్కన కూర్చుంది. ఇన్ని రోజుల్లో డాక్టర్‌తో చెప్పింది, అన్నతో చెప్పింది, పెద్దమ్మతో చెప్పింది. చెప్పాల్సిన మనిషితో మాత్రం చెప్పలేదు.

"నేనొక తప్పు చేశాను" అంది.

నలుగ్వా ఆ ముఖంలోకి తేరిపార చూసింది. "ఎవరి పిల్లవమ్మా? ఏం చేశావు?"

"మా అమ్మకి మందు ఎక్కువ పోశాను. తను నిద్రపోతే నేనూ నిద్రపోవచ్చని."

"చచ్చిపోయిందా?"

"లేదు."

"మరింకేం." నలుగ్వా ముడతలుపడ్డ చెయ్యి చాచి ఆ అపరిచితురాలి వీపు నిమిరింది. "ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా?"

"ఉంది."

"ఏడవకు. నేను తోడొస్తాలే. మీ అమ్మతో నేను చెబుతాను. పిల్ల అలిసిపోయిందమ్మా, కొట్టకు అంటాను. ఆమె కూడా తల్లేగా, అర్థం చేసుకుంటుంది."

నాంతేజ తల్లి ఒడిలో తల పెట్టుకుంది. వెక్కి వెక్కి ఏడుస్తున్న ఆ తలని నలుగ్వా, ఎవరి పిల్లో తెలియకుండానే, నిమురుతూ కూర్చుంది.